రెండు జట్ల నుంచి ఎనిమిదికి: కొత్త సీజన్‌కు ప్యాక్-12 సన్నాహాలు

అమెరికా పశ్చిమ ప్రాంతంలో 1915లో పుట్టిన కళాశాల క్రీడల కూటమి ప్యాక్-12. ఒకప్పుడు పన్నెండు విశ్వవిద్యాలయాలతో వెలుగొందిన ఈ కూటమి 2024, 2025 ఫుట్‌బాల్ సీజన్లను కేవలం రెండు జట్లతో నెట్టుకొచ్చింది. 2026 సీజన్‌ను ఎనిమిది ఫుట్‌బాల్ జట్లతో ఆడేందుకు పునర్నిర్మాణం చేపట్టింది. టీవీ సంస్థల సొమ్ము కోసం పెద్ద విశ్వవిద్యాలయాలు దారి చూసుకోగా, రెండు చిన్న పట్టణాల్లోని వ్యవసాయ నేపథ్యం గల విశ్వవిద్యాలయాలు పాత పేరును నిలబెట్టుకోవడం ఈ పునర్నిర్మాణంలోని విశేషం. తెలుగు రాష్ట్రాల నుంచి ఉన్నత చదువులకు అమెరికా వెళుతున్న విద్యార్థుల సంఖ్య ఏటా వేలల్లో ఉంటున్నందున, అక్కడి విశ్వవిద్యాలయాల జీవనంలో ఇంతటి స్థానం గల ఈ ఆట వెనుక కథ ఇక్కడి కుటుంబాలకూ ఆసక్తి కలిగించేదే.

కాన్ఫరెన్స్ అంటే..

మన దేశంలో విశ్వవిద్యాలయాల మధ్య పోటీలను మండలాల వారీగా నిర్వహించడం పరిపాటి. దక్షిణ మండల పోటీల్లో ఏ విశ్వవిద్యాలయం ఆడాలన్నది భౌగోళికంగానే నిర్ణయమవుతుంది. అమెరికాలో పరిస్థితి భిన్నం. అక్కడ కాన్ఫరెన్స్ అనేది విశ్వవిద్యాలయాలు స్వచ్ఛందంగా కలిసి ఏర్పరుచుకునే సంఘం. సభ్య జట్లు ఏటా తమలో తాము ఆడుకుంటాయి. మ్యాచ్‌ల ప్రసార హక్కులను కాన్ఫరెన్సే టీవీ సంస్థలకు విక్రయించి, వచ్చిన మొత్తాన్ని సభ్యులకు పంచుతుంది. సభ్యత్వం ఇష్టపూర్వకం కనుక ఎక్కువ వాటా ఇచ్చే కూటమి ఎదురైతే పాతదాన్ని విడిచి వెళ్లవచ్చు. ప్యాక్-12 విషయంలో జరిగింది అదే.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన కాలిబంతి ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతబట్టుకొని పరుగెత్తుతూ, విసురుతూ ముందుకు సాగే ఆట ఇది. ఒక్కో జట్టులో 11 మంది మైదానంలో ఉంటారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్లాలి. లేకుంటే బంతి ప్రత్యర్థి వశమవుతుంది. బంతిని చివరి గీత దాటిస్తే ఆరు పాయింట్లు. ఆగస్టు చివర మొదలై నవంబరు ఆఖరు వరకు సాగే సీజన్‌లో ఒక్కో జట్టు సాధారణంగా 12 మ్యాచ్‌లు ఆడుతుంది. పెద్ద విశ్వవిద్యాలయాల్లో ఈ ఒక్క ఆట ద్వారా వచ్చే ఆదాయమే ఈత, అథ్లెటిక్స్, వాలీబాల్ వంటి ఇతర క్రీడలకు చాలావరకు ఆధారం. అందువల్ల ఫుట్‌బాల్ కూటమి కూలితే దాని దెబ్బ బంతి ముట్టని క్రీడాకారులకు కూడా తగులుతుంది.

శతాబ్దపు చరిత్ర

1915 డిసెంబరు 2న ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో నాలుగు విద్యాసంస్థలు కలిసి పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌ను స్థాపించాయి. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఒరెగాన్ విశ్వవిద్యాలయాలతో పాటు నేటి ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయమైన నాటి ఒరెగాన్ వ్యవసాయ కళాశాల వ్యవస్థాపక సభ్యులు. 1917లో వాషింగ్టన్ స్టేట్, 1918లో స్టాన్‌ఫోర్డ్ వచ్చి చేరాయి. ఆటగాళ్లకు నిబంధనలకు విరుద్ధంగా చెల్లింపులు జరిగాయన్న కుంభకోణాల నేపథ్యంలో ఈ సంఘం 1959లో రద్దయింది. వెంటనే పెద్ద సంస్థలు కొత్త సంఘాన్ని ఏర్పరుచుకోగా వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్ దానికి వెలుపలే ఉండిపోయాయి. వాషింగ్టన్ స్టేట్‌కు 1962లో, ఒరెగాన్ స్టేట్‌కు 1964లో ప్రవేశం లభించింది. ఆరు దశాబ్దాల తర్వాత మళ్లీ ఇవే రెండు సంస్థలు ఒంటరి కావడం గమనార్హం.

సభ్యుల సంఖ్యను బట్టి కూటమి పేరు మారుతూ వచ్చింది. 1968లో ప్యాక్-8గా, అరిజోనా, అరిజోనా స్టేట్ చేరికతో 1978లో ప్యాక్-10గా, కొలరాడో, యూటా చేరికతో 2011లో ప్యాక్-12గా మారింది. ఇందులోని ప్యాక్ అన్నది పసిఫిక్ మహాసముద్రం పేరుకు సంక్షిప్త రూపం. జాతీయ విజేతలను అందించడంలో ఈ కూటమికి మంచి పేరుంది. వివిధ క్రీడల్లో దీని సభ్యులు సాధించిన జాతీయ కళాశాల టైటిళ్లు 500 దాటాయి. కాలిఫోర్నియాలోని పసదేనాలో జరిగే ప్రఖ్యాత రోజ్ బౌల్ మ్యాచ్‌లో ఈ తీరపు విజేత, మధ్య పశ్చిమ ప్రాంతానికి చెందిన బిగ్ టెన్ కూటమి జట్టు తలపడే సంప్రదాయం 1947లో మొదలై దశాబ్దాల పాటు సాగింది.

ఆ రోజ్ బౌల్ చరిత్రలో చిన్న పట్టణాల జట్లకూ చోటుంది. 1916లో వాషింగ్టన్ స్టేట్ అక్కడ బ్రౌన్ విశ్వవిద్యాలయాన్ని 14-0తో ఓడించింది. పెర్ల్ హార్బర్‌పై దాడి జరిగిన కొద్ది వారాలకే, 1942 జనవరి 1న జరగాల్సిన మ్యాచ్‌ను భద్రతా కారణాలతో పశ్చిమ తీరం నుంచి ఉత్తర కరోలినాలోని డర్హమ్‌కు తరలించారు. అక్కడ డ్యూక్ జట్టును దాని సొంత మైదానంలోనే ఒరెగాన్ స్టేట్ 20-16తో ఓడించింది.

సొమ్ము తెచ్చిన చీలిక

2011లో కుదిరిన ప్రసార ఒప్పందం విలువ 12 ఏళ్లకు దాదాపు 300 కోట్ల డాలర్లు. అప్పట్లో అది ఘనమైన మొత్తమే. మరుసటి ఏడాది కూటమి సొంత టీవీ చానల్‌నూ ప్రారంభించింది. అది ఆశించినంతగా ఇళ్లకు చేరలేదు. ఈలోగా ఇతర కూటముల ఆదాయం వేగంగా పెరిగింది. 2022 ఆగస్టులో బిగ్ టెన్ మూడు టీవీ సంస్థలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన ఒప్పందం కుదుర్చుకుంది.

అంతకు ముందే, 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌కు చెందిన యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ 2024 నుంచి బిగ్ టెన్‌లో చేరుతున్నట్లు ప్రకటించాయి. పశ్చిమాన అతి పెద్ద టీవీ మార్కెట్ కూటమి చేజారింది. కొత్త ప్రసార ఒప్పందం కోసం ఏడాదికి పైగా సాగిన చర్చల్లో చివరకు ముందుకు వచ్చింది యాపిల్ సంస్థ. మ్యాచ్‌లను ప్రధానంగా ఇంటర్నెట్‌లోనే ప్రసారం చేస్తామన్న ఆ ప్రతిపాదన సభ్యులను మెప్పించలేదు. 2023 జూలై 27న కొలరాడో బిగ్ 12 కూటమికి వెళ్లింది. ఆగస్టు 4వ తేదీ ఒక్కరోజే ఐదు విశ్వవిద్యాలయాలు వైదొలిగాయి. ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు తరలిపోయాయి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫోర్డ్, కాలిఫోర్నియా అట్లాంటిక్ మహాసముద్ర తీరం పేరు మీదున్న ఏసీసీలో చేరాయి. పసిఫిక్ ఒడ్డున ఉన్న జట్లు అట్లాంటిక్ కూటమిలో సభ్యులు కావడం చూస్తే, భౌగోళిక బంధం కన్నా టీవీ ఆదాయానిదే పైచేయి అయిందని తెలుస్తుంది.

మిగిలిన ఇద్దరు

చివరికి మిగిలినవి వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్. మొదటిది ఉన్న పుల్‌మన్ పట్టణం గోధుమ పొలాల నడుమ, ఇడాహో రాష్ట్ర సరిహద్దుకు ఆనుకొని ఉంటుంది. సియాటెల్ నగరానికి 450 కిలోమీటర్ల పైచిలుకు దూరం. 2020 జనాభా లెక్కల ప్రకారం పుల్‌మన్ జనాభా 33 వేలకు కాస్త తక్కువ. అక్కడి స్టేడియంలో సీట్లు కూడా దాదాపు అన్నే. మ్యాచ్ జరిగే శనివారం నాడు ఊరి జనాభా అంత మంది మైదానంలో కూర్చోగలరు. హోటళ్లు, దుకాణాలు, అద్దె గదులకు ఏడాదిలో ఈ ఆరేడు శనివారాలే పెద్ద పండుగలు. ఒరెగాన్ స్టేట్ ఉన్న కోర్వాలిస్ జనాభా సుమారు 60 వేలు. దాదాపు 16 కోట్ల డాలర్ల వ్యయంతో పునర్నిర్మించిన అక్కడి రీసర్ స్టేడియం సరిగ్గా 2023 సీజన్‌కే సిద్ధమైంది. ప్రేక్షకులకు తలుపులు తెరిచే వేళకు కూటమి చెల్లాచెదురై ఉంది.

ఈ రెండూ 1862 నాటి మోరిల్ చట్టం కింద ప్రభుత్వ భూముల విక్రయ నిధితో వ్యవసాయ, సాంకేతిక విద్య కోసం అభివృద్ధి చెందిన ల్యాండ్ గ్రాంట్ సంస్థలు. ఈ నమూనా తెలుగు నేలకు కొత్త కాదు. 1964లో ఆవిర్భవించిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపకల్పనకు తోడ్పడిన కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం సైతం ఇదే కోవలోనిది. బోధన, పరిశోధన, రైతులకు విస్తరణ సేవలు అనే మూడు బాధ్యతలను ఒకేచోట చేర్చడం ఆ సంస్థల ప్రత్యేకత. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ పట్టణాలు వాటి విశ్వవిద్యాలయాల చుట్టూనే పెరిగాయి. అందుకే కూటమి భవితవ్యం అక్కడ క్రీడా పేజీకే పరిమితమైన వార్త కాలేదు.

కోర్టు మెట్లెక్కిన వివాదం

వెళ్లిపోతున్న పది సంస్థలకు కూటమి నిర్వహణలో, నిధుల్లో ఓటు హక్కు ఉంటుందా అన్నది తొలి ప్రశ్నగా నిలిచింది. ఉంటే, పది ఓట్లతో కూటమిని రద్దు చేసి ఆస్తులు పంచుకునే ప్రమాదం ఉందని మిగిలిన రెండు సంస్థలు వాదించాయి. పుల్‌మన్ ఉన్న విట్‌మన్ కౌంటీ కోర్టులో దావా దాఖలైంది. 2023 నవంబరులో కోర్టు ఆ రెండింటికీ నిర్వహణాధికారం ఇస్తూ ఉత్తర్వులు వెలువరించింది. డిసెంబరులో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును సమీక్షించేందుకు నిరాకరించింది. అదే నెలలో ఇరుపక్షాల మధ్య రాజీ కుదిరింది. పేరు, ముందున్న ఆదాయ వనరులు, చరిత్ర మిగిలిన ఇద్దరి చేతిలోకి వచ్చాయి. 2024 మార్చి 1న టెరెసా గూల్డ్ కమిషనర్‌గా బాధ్యతలు చేపట్టారు.

రెండేళ్ల గడువు

అమెరికా కళాశాల క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ నిబంధనల ప్రకారం అగ్రశ్రేణి ఫుట్‌బాల్ కూటమికి కనీసం ఎనిమిది జట్లుండాలి. సంఖ్య తగ్గితే కోలుకునేందుకు రెండేళ్ల గడువు ఉంటుంది. ఆ గడువునే రెండు సంస్థలు ఆధారం చేసుకున్నాయి. 2024 సీజన్‌కు మౌంటెన్ వెస్ట్ కూటమితో ఒప్పందం చేసుకొని, 1.4 కోట్ల డాలర్లు చెల్లించి, ఒక్కొక్కటి ఆ కూటమి జట్లతో ఆరేసి మ్యాచ్‌లు ఆడాయి. 2025లో ఆ ఒప్పందం కొనసాగలేదు. ప్రత్యర్థులను వెతుక్కోవాల్సి వచ్చింది. ఫలితంగా వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్ ఒకే సీజన్‌లో రెండుసార్లు, ఒకసారి కోర్వాలిస్‌లో, మరోసారి పుల్‌మన్‌లో, పరస్పరం తలపడ్డాయి.

ఇతర క్రీడల జట్లలో చాలావాటికి వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో తాత్కాలిక ఆశ్రయం లభించింది. ఒరెగాన్ స్టేట్ బేస్‌బాల్ జట్టు ఏ కూటమికీ చెందకుండానే 2025లో జాతీయ తుది దశ అయిన ఒమాహా పోటీలకు అర్హత సాధించడం ఈ కష్టకాలంలో దక్కిన ఊరట. అయితే నష్టం కూడా తప్పలేదు. ఆర్థిక ఒత్తిడి నేపథ్యంలో వాషింగ్టన్ స్టేట్ 2025 జూన్‌లో అథ్లెటిక్స్‌లోని జంప్, త్రో విభాగాలను ఎత్తివేసి, దూరపు పరుగులకే ప్రాధాన్యమిస్తున్నట్లు ప్రకటించింది. గుండు విసిరే, ఎత్తు దూకే విద్యార్థులు ఫుట్‌బాల్ సొమ్ము తగాదాకు మూల్యం చెల్లించాల్సి వచ్చింది.

కొత్త సభ్యులు వీరే

2024 సెప్టెంబరు 12న నాలుగు విశ్వవిద్యాలయాలు ప్యాక్-12లో చేరుతున్నట్లు ప్రకటన వెలువడింది. అవి బాయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియాగో స్టేట్. అదే నెలలో యూటా స్టేట్ కూడా అంగీకరించింది. ఈ ఐదూ మౌంటెన్ వెస్ట్ నుంచి వచ్చినవే. బాస్కెట్‌బాల్‌లో పేరొందిన గొంజాగా విశ్వవిద్యాలయం 2024 అక్టోబరులో చేరినా దానికి ఫుట్‌బాల్ జట్టు లేదు. ఎనిమిదో ఫుట్‌బాల్ జట్టు కోసం అన్వేషణ 2025 వేసవి వరకు సాగింది. చివరికి జూన్ 30న టెక్సస్ స్టేట్ అంగీకారం తెలిపింది. ఒక్కరోజు ఆలస్యమైతే అది తన పాత కూటమి సన్ బెల్ట్‌కు చెల్లించాల్సిన నిష్క్రమణ రుసుము రెట్టింపయ్యేది. కొత్త సభ్యత్వాల అమలుకు 2026 జూలై 1ని ముహూర్తంగా నిర్ణయించారు.

కొత్త కూటమి స్వరూపాన్ని పరిశీలిస్తే ఒక పోలిక స్పష్టంగా కనిపిస్తుంది. ఎనిమిదింటిలో నాలుగు, అంటే వాషింగ్టన్ స్టేట్, ఒరెగాన్ స్టేట్, కొలరాడో స్టేట్, యూటా స్టేట్, వ్యవసాయ విద్య కోసం ఎదిగిన ల్యాండ్ గ్రాంట్ సంస్థలు. శాన్ డియాగో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, టెక్సస్ స్టేట్ మూడూ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలుగా పుట్టాయి. అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన లిండన్ జాన్సన్ ఉపాధ్యాయ శిక్షణ పట్టా పొందింది టెక్సస్ స్టేట్‌లోనే. 1932లో రెండేళ్ల జూనియర్ కళాశాలగా మొదలైన బాయిసీ స్టేట్ నీలిరంగు మైదానంతో దేశమంతా ప్రసిద్ధి చెందింది. 2024 సీజన్‌లో ఆ జట్టు 12 జట్ల జాతీయ ప్లేఆఫ్‌కు చేరి క్వార్టర్ ఫైనల్ ఆడింది. దాని ఆటగాడు యాష్టన్ జెంటీ ఆ సీజన్‌లో 2,601 గజాలు పరుగెత్తి, హైజ్‌మన్ ట్రోఫీ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు.

అదే గాయం పొరుగింటికి

అన్యాయానికి గురయ్యామని కోర్టుకెక్కిన కూటమే ఆపదలో మ్యాచ్‌లు ఇచ్చిన పొరుగు కూటమి నుంచి ఐదు జట్లను తీసుకోవడం విమర్శలకు తావిచ్చింది. 2024 నాటి మ్యాచ్‌ల ఒప్పందంలో తమ సభ్యులను లాక్కుంటే పరిహారం చెల్లించాలన్న షరతు ఉందని మౌంటెన్ వెస్ట్ గుర్తుచేసింది. ఐదు జట్లకు కలిపి ఆ మొత్తం సుమారు 5.5 కోట్ల డాలర్లు. ఆ షరతు చట్టవిరుద్ధమంటూ ప్యాక్-12 2024 సెప్టెంబరులో కోర్టును ఆశ్రయించింది. ఎవరిది న్యాయమన్న మాట అటుంచితే, పెద్ద కూటమి చిన్నదాన్ని, చిన్నది మరింత చిన్నదాన్ని మింగే గొలుసు మాత్రం ఆగలేదు. మౌంటెన్ వెస్ట్ కూడా తన ఖాళీలను ఇతర కూటముల జట్లతో భర్తీ చేసుకోవాల్సి వచ్చింది.

మైదానంలో సన్నాహాలు

కాగితాల మీది ఒప్పందాలు ఒక ఎత్తయితే జట్లను సిద్ధం చేయడం మరో ఎత్తు. కళాశాల జట్లు వసంతకాలంలో 15 విడతల సాధన చేస్తాయి. వేసవి చివర శిక్షణ శిబిరాలు ప్రారంభమవుతాయి. ఆగస్టు ఎండల్లో ఆటగాళ్లు వడదెబ్బకు గురికాకుండా తొలి రోజుల్లో శిరస్త్రాణంతో మాత్రమే సాధన చేయించి, క్రమేణా పూర్తి కవచాలతో ఆడించడం నిబంధన.

2026 సీజన్‌కు ముందు మూడు జట్లకు కొత్త శిక్షకులు వచ్చారు. ఒరెగాన్ స్టేట్ జమార్కస్ షెపర్డ్‌ను, వాషింగ్టన్ స్టేట్ కిర్బీ మూర్‌ను, కొలరాడో స్టేట్ జిమ్ మోరాను 2025 సీజన్ ముగిసే వేళకు నియమించుకున్నాయి. వీరికి ఎదురయ్యే తొలి సవాలు ఆటగాళ్లను నిలుపుకోవడమే. విద్యార్థులు ఒక విశ్వవిద్యాలయం నుంచి మరోదానికి ఏడాది విరామం లేకుండానే మారేందుకు ఎన్‌సీఏఏ అనుమతిస్తోంది. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం ఆధారంగా వ్యాపార ప్రకటనల ద్వారా సొమ్ము ఆర్జించే హక్కు పొందారు. 2025 జూన్‌లో ఆమోదం పొందిన కోర్టు రాజీతో విశ్వవిద్యాలయాలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించే మార్గం తెరుచుకుంది. తొలి ఏడాదికి ఒక్కో సంస్థకు గరిష్ఠ పరిమితి 2.05 కోట్ల డాలర్లు. సంపన్న సంస్థలు ఆ పరిమితి మేరకు ఖర్చు చేయగలిగితే, చిన్న సంస్థలు తమ స్తోమతకు తగ్గట్లు సర్దుకోవాల్సిందే.

దీని ప్రభావానికి నిదర్శనం కామ్ వార్డ్. పుల్‌మన్‌లో రెండు సీజన్లు ఆడి పేరు తెచ్చుకున్న ఈ క్వార్టర్‌బ్యాక్ 2024 జనవరిలో మయామీ విశ్వవిద్యాలయానికి మారాడు. మరుసటి ఏడాది వృత్తి లీగ్ ఎంపికల్లో దేశంలోనే మొదటివాడిగా నిలిచాడు. మొక్కకు నీరు పోసింది ఒక ఊరైతే, కాయ కోసుకున్నది మరో ఊరు. అయినా మిగిలిన ఆటగాళ్లతోనే వాషింగ్టన్ స్టేట్ 2024 సెప్టెంబరులో సియాటెల్‌లో జరిగిన యాపిల్ కప్‌లో, తమను విడిచి వెళ్లిన వాషింగ్టన్ జట్టును 24-19తో ఓడించింది. 1900లో మొదలైన ఈ వైరం కూటములు వేరైనా కొనసాగేలా ఇరు సంస్థలు ఒప్పందం చేసుకోవడం అభిమానులకు సంతోషం కలిగించింది.

ముందున్న పరీక్ష

ప్రసారాల విషయంలో కూటమికి ఊరట లభించింది. 2025లో సీబీఎస్, సీడబ్ల్యూ, యూఎస్‌ఏ నెట్‌వర్క్ సంస్థలతో 2026 నుంచి అమలయ్యే ఒప్పందాలు కుదిరాయి. బిగ్ టెన్ సభ్యులకు అందే వాటాతో పోలిస్తే ఇది చిన్న మొత్తమే. కానీ మ్యాచ్‌లు సామాన్యుల ఇళ్లలోని టీవీలకు చేరతాయన్న భరోసా దక్కింది.

జాతీయ ప్లేఆఫ్‌లో స్థానం మరో పరీక్ష. నాలుగు పెద్ద కూటములను మినహాయిస్తే మిగిలిన ఆరు కూటముల విజేతల్లో అత్యుత్తమ ర్యాంకు పొందిన ఒక్క జట్టుకే స్థానం ఖాయం. ఒకప్పుడు పెద్దల సరసన కూర్చున్న ప్యాక్-12 ఇప్పుడు ఆ ఒక్క సీటు కోసం మౌంటెన్ వెస్ట్, సన్ బెల్ట్ వంటి కూటములతో పోటీ పడాల్సి ఉంది. దూరాభారం సైతం తక్కువేమీ కాదు. టెక్సస్‌లోని శాన్ మార్కస్ నుంచి పుల్‌మన్‌కు ప్రయాణమంటే దేశంలో పెద్ద భాగం దాటాల్సిందే. అయినా మిగిలిన జట్లన్నీ పశ్చిమ రాష్ట్రాల్లోనే ఉన్నందున, ఖండం ఆ చివరకు ఎగిరి ఆడి వచ్చే పాత సహచరులతో పోలిస్తే ఇక్కడి విద్యార్థులకు తరగతి గదిలో గడిపే సమయం కాస్త ఎక్కువగా దొరుకుతుంది. ఎనిమిది జట్ల కూటమిలో ప్రతి జట్టూ మిగిలిన ఏడింటితోనూ తలపడే వీలుండటం మరో సానుకూలాంశం. పదహారు, పద్దెనిమిది జట్లకు ఉబ్బిపోయిన పెద్ద కూటముల్లో ఒక సీజన్‌లో అన్ని జట్లనూ ఎదుర్కోవడం సాధ్యం కాదు.

ఈ పునర్నిర్మాణం ఎంతవరకు ఫలిస్తుందన్నది మైదానంలోని గెలుపోటములతోనే తేలేది కాదు. ఎత్తివేసిన క్రీడా విభాగాలకు మళ్లీ నిధులు దక్కుతాయా, శిక్షణ పొందిన ఆటగాళ్లు నాలుగేళ్లు ఉంటారా, పుల్‌మన్, కోర్వాలిస్, లోగన్, ఫోర్ట్ కాలిన్స్ వంటి పట్టణాల్లో శనివారాల సందడి నిలుస్తుందా అన్నవే అసలు కొలమానాలు. టీవీ ఒప్పందం గడువు తీరిన ప్రతిసారీ కూటములు మళ్లీ కదిలే అవకాశం లేకపోలేదు. ఇరుగుపొరుగు కళాశాలలు కలిసి ఆడుకునేందుకు 1915లో కట్టుకున్న ఇంటిని నిలబెట్టే బాధ్యత మాత్రం ఇప్పుడు నాటి వ్యవసాయ, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలల వారసులపైనే పడింది.